వరహాలమ్మ జల్లిగరిటె, గౌరామి నురగిల్లు

ఒకప్పుడు చిట్టి గౌరామి చేపలన్నీ ఒకే రంగులో ఉండేవి. ఆ రంగుకి పేరు కూడా లేదు. బియ్యం కడిగిన నీళ్లు ఎలా ఉంటాయో అలా ఉండేవి, అంతే. ఒంటి మీద చార లేదు, చుక్క లేదు, మెరుపు లేదు. ఇప్పుడు వాటి పొట్ట కింద వేలాడే రెండు పొడుగాటి దారాలు ఉన్నాయి చూశారా, అవి కూడా అప్పుడు లేవు. మిగతా చేపల్లాగే బుద్ధిగా నీళ్లలోనే ఊపిరి పీల్చుకునేవి. పైకొచ్చి గాలి మింగాలన్న ఆలోచన వాటి తాతలకి కూడా రాలేదు.

అసలే బొటనవేలంత చేపలు. ఆపైన అందరిదీ ఒకే పోలిక. ఇక చూసుకోండి తమాషా! పొద్దున్నే ఒకావిడ మొగుణ్ణి చెడామడా తిట్టేది. తిట్లన్నీ అయిపోయాక ఆయన మెల్లిగా, "అమ్మా, నేను మీ ఆయన్ని కాను, పక్కింటాయన్ని" అనేవాడు. "మరి ఇంతసేపూ ఎందుకు విన్నావు?" అని ఆవిడ మళ్లీ మొదలుపెట్టేది.

ఈ గోలంతా చెరకుతోటల పక్కన పారే ఒక పిల్లకాలవలో జరిగేది. ఆ కాలవగట్టు మీద వరహాలమ్మ ఉండేది.

వరహాలమ్మ బెల్లం వండేది. చెరకురసం పెద్ద పెనంలో పోసి, కింద మంట పెట్టి, ఎదురుగా నిలబడేది. రసం కాగుతుంటే మురికంతా నురగలా పైకి తేలుతుంది. దాన్నే తెట్టు అంటారు. ఆ తెట్టుని చిల్లుల జల్లిగరిటెతో తీసి పారేస్తేనే బెల్లం బంగారంలా దిగుతుంది. తీయకపోతే నల్లగా, ఏడ్చినట్టు ఉంటుంది.

వరహాలమ్మ బెల్లం ఎప్పుడూ నల్లబడలేదు. ఆవిడ కంటికి నురగ కనబడటం, చెయ్యి వెళ్లిపోవటం, గరిటె తిరగటం, తెట్టు కుడితితొట్టిలో పడటం, అన్నీ ఒక్క రెప్పపాటులో అయిపోయేవి. ముప్పై ఏళ్ల అలవాటు మరి. పాలమీద నురగ తీసేసేది. పప్పుమీద నురగ తీసేసేది. చుట్టాలింటికి వెళ్తే వాళ్ల చారుమీద నురగ కూడా అడక్కుండా తీసేసేది. ఒకసారి సముద్రస్నానానికి వెళ్లి, ఒడ్డున నిలబడి, కెరటాల వంక అదేపనిగా చూసింది.

"ఓలమ్మో! ఎంత తెట్టో! దీన్ని తీసేవోళ్లు ఎవులూ లేరేటి?" అంది. ఆవిణ్ణి ఇంటికి లాక్కురావటానికి నలుగురు కావలసివచ్చింది.

ఒక ఏడాది వానలు రాలేదు. చెరకు నిలువునా ఎండిపోయింది. గానుగ ఆగిపోయింది, పెనం బోర్లించేశారు. వరహాలమ్మకి పని లేదు. తిండి లేకపోయినా ఆవిడ ఓర్చుకుంది గాని, తీయడానికి తెట్టు లేకపోవటం మాత్రం ఓర్చుకోలేకపోయింది. కుడిచెయ్యి ఒకటే దురద. ఖాళీ గరిటె పట్టుకుని ఇంట్లో అటూ ఇటూ తిరిగేది.

కాలవ కూడా రోజురోజుకీ చిక్కిపోయింది. చివరికి వరహాలమ్మ పెనం కడిగే రాయి పక్కన ఒక్క గుంట మిగిలింది. ఆ గుంటలో ఆరే ఆరు గౌరాములు మిగిలాయి. ముగ్గురు మగవాళ్లు, ముగ్గురు ఆడవాళ్లు. గట్టుమీద ఒక కొంగ కాలు మడిచి నిలబడింది.

"నేను కంగారుపడను. సాయంత్రానికి నీళ్లు వాటంతట అవే పోతాయి. అప్పుడు వచ్చి భోజనానికి కూర్చుంటాను" అంది కొంగ మర్యాదగా.

ఆరుగురూ ఒక్కసారిగా గొల్లుమన్నారు. "వరహాలత్తా! వరహాలత్తా! మమ్మల్ని తీసుకుపో!"

వరహాలమ్మ గట్టుమీదినుంచి తొంగిచూసింది. "మిమ్మల్ని తీసుకుపోయి నానేటి సేత్తానురా? నాకు బెల్లం వండటం తప్ప మరేటీ రాదు."

"ఇన్నాళ్లూ నీ పెనానికి అంటుకున్న మాడు గోకిందెవరు? మేం కాదూ?"

అది నిజమే. ఆవిడ పెనం కాలవలో ముంచగానే ఈ చిట్టిచేపలే మూగి, మాడంతా గీకి తినేవి. వరహాలమ్మకి మనసు కరిగిపోయింది. పెనం తెచ్చి, ఆరుగురినీ అందులోకి ఎత్తుకుంది.

"వానలొచ్చేదాకా నా ఇంట ఉండండి. మీ పిల్లల్తో సహా మళ్లీ ఇదే కాలవలో ఒగ్గుతాను. ఇది వరహాలమ్మ మాట!"

పిల్లల్తో సహా అని ఊరికే అనలేదు. ఆ కాలవ మొత్తానికి మిగిలింది ఈ ఆరుగురే. వానలు ఎప్పుడొస్తాయో తెలీదు. అప్పటికి వీళ్లు ముసలివాళ్లయిపోతారు. ఈలోగా పిల్లలు పుట్టకపోతే, కాలవకి నీళ్లు తిరిగి వస్తాయి గాని గౌరామి తిరిగి రాదు. ఆ సంగతి వరహాలమ్మకి తెలుసు, ఆరుగురికీ తెలుసు, మొహం వేలాడేసిన కొంగకి కూడా తెలుసు.

మరి వీళ్లని ఎక్కడ ఉంచాలి? వరహాలమ్మ చెల్లెలు నూకరత్నానికి మిఠాయి కొట్టు ఉండేది. కొట్లో ఒక అద్దాలపెట్టె ఉంది. లడ్డూలు పేర్చి పెడితే నాలుగువైపులనుంచీ కనబడేవి.

"అప్పా, అది లడ్డూలెట్టే పెట్టె! సేపలెడితే రేపు నా లడ్డూ ఎవుడు కొంటాడు?" అంది నూకరత్నం.

"ఈ కరువులో ఎవుడు కొంటన్నాడే నీ లడ్డూ?"

నూకరత్నం మిగిలిన లడ్డూలు తీసి పళ్లెంలో పెట్టింది. పెట్టె నెత్తినెత్తుకుని తనే మోసుకొచ్చింది.

అద్దాలపెట్టె అయితే వచ్చింది గాని, దాని మూలల్లో సందులున్నాయి. వరహాలమ్మకి తెలిసిన జిగురు ఒక్కటే, బెల్లంపాకం. ముదురుపాకం పట్టి సందులన్నీ పూడ్చింది. అది రాయిలా గట్టిపడింది. నీళ్లు పోసింది, చేపల్ని వదిలింది.

"అత్తా, నీళ్లు తియ్యగా ఉన్నాయి!" అన్నారు ఆరుగురూ సంబరంగా.

మధ్యాహ్నానికి ఇంకా తియ్యగా అయ్యాయి. సాయంత్రానికి పాకమంతా కరిగి, నాలుగు మూలలనుంచీ నాలుగు ధారలు కట్టాయి. ఊళ్లో చీమలన్నీ బారులు తీరి వచ్చేశాయి. వాటి పెద్ద ముందుకొచ్చి, "పెళ్లి ఎవరిదమ్మా?" అని అడిగింది. చేపల్ని మళ్లీ పెనంలోకి ఎత్తేసరికి వరహాలమ్మ చీర మోకాళ్లదాకా తడిసింది.

నూకరత్నం పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి, లక్క కరిగించి సందులు తనే పూడ్చింది. మిగిలిన ఎర్రలక్కతోనూ, ఇంట్లో ఉన్న నీలిమందుతోనూ పెట్టె చట్రానికి లోపలా బయటా ఎర్రచార, నీలంచార, మళ్లీ ఎర్రచార వేసింది. "పెట్టె నాది. సేపలున్నా లడ్డూలున్నా అందంగానే ఉండాల" అంది.

వరహాలమ్మ మళ్లీ నీళ్లు పోసి, అడుగున రెండు నీటిమొక్కలు నాటి, చేపల్ని వదిలింది. ఇల్లు కుదిరింది. ఇక అసలు చిక్కు మొదలైంది. ఆ ముగ్గురు మగచేపల్లో ఎవరెవరో వరహాలమ్మకి తెలిసేది కాదు. ముగ్గురి స్వభావాలూ మూడురకాలు, రంగు మాత్రం ఒక్కటే.

ఒకడి పేరు జగడాలు. వరహాలమ్మ చిటికెడు తవుడు వేయగానే ముందు వాడే వచ్చి తినేవాడు. ఒక చుట్టు చుట్టి మళ్లీ వచ్చి, "నేను ఇంకోణ్ణి అత్తా" అనేవాడు. ఇంకో చుట్టు చుట్టి, "నేను మూడోవాణ్ణి" అనేవాడు. పాపం ఆవిడ నమ్మేది. తిన్న బలమంతా వాడు పోట్లాటకి వాడేవాడు. అద్దంలో వాడి నీడ వాడికే కనబడింది. "ఎవడ్రా నువ్వు? నేను ముందుకొస్తే ముందుకొస్తావేం? ఎంత పొగరు!" అని మూడురోజులు దాన్ని తిట్టాడు. ఆ గొడవలో పెళ్లాం ఉన్నసంగతి కూడా మరిచిపోయాడు.

రెండోవాడు బుడ్డోడు. వడ్లగింజంత ఉండేవాడు. ఆకుచాటున దూరితే వాణ్ణి వాడి పెళ్లామే పట్టలేకపోయేది. వరహాలమ్మ రోజూ లెక్కపెట్టటం, ఐదుగురే తేలటం, "ఓలమ్మో, ఒకడు పోయాడు!" అని ఆవిడ ఏడుపందుకోవటం, ఏడుపు మధ్యలో వాడు తుమ్మటం. రోజూ ఇదే వరస.

మూడోవాడు సిగ్గరి. మంచివాడు, పనిమంతుడు. కాని నోట్లోంచి మాట రాదు. జగడాలు మూడువంతులూ తినేస్తుంటే చూస్తూ ఊరుకునేవాడు. ఆకలిగా ఉందని కూడా చెప్పలేని మొహమాటం వాడిది.

ఆ ముగ్గురిలో ఇల్లు కట్టాలన్న ధ్యాస ఒక్క సిగ్గరికే ఉంది. గౌరామికి ఇల్లంటే నురగే. ఆ రోజుల్లో మగచేప తోకతో నీళ్లు చిలికి చిలికి, నీటిపైన ఎక్కడబడితే అక్కడ ఇంత నురగ లేపేది. ఆ నురగలో గుడ్లు దాచి, పిల్లలు బయటికొచ్చేదాకా కింద కాపలా కాసేది. సిగ్గరి రెండురోజులు చిలికి, పెట్టె నడిమధ్యన తెల్లటి నురగ ఇల్లు లేపాడు. అరచేతిలో సగం ఉంది. పెళ్లాం చుట్టూ తిరిగి చూసి, "బాగుంది" అంది.

అప్పుడే వరహాలమ్మ అటుగా వచ్చింది. చేతిలో ఖాళీ గరిటె ఉంది. పెట్టె వంక చూసింది.

తెట్టు!

కన్ను చూసింది, చెయ్యి వెళ్లింది, గరిటె తిరిగింది. సిగ్గరి ఇల్లు కుడితితొట్టిలో పడింది. ఎన్ని నెలల తరవాత దొరికిన తెట్టో! వరహాలమ్మ ప్రాణం లేచొచ్చింది. "నాయనా! శుభ్రంగా ఉందిప్పుడు" అని పెట్టెని ముద్దుగా తట్టింది.

సిగ్గరి చెబుదామని నోరు తెరిచాడు, మళ్లీ మూసేశాడు.

"చెప్పవేం?" అంది పెళ్లాం.

"అంత సంతోషంగా ఉంటే ఎలా చెప్పను? రేపు చెబుతాలే. ఇల్లు ఖాళీదేగా" అన్నాడు వాడు.

మళ్లీ చిలికాడు. మళ్లీ ఇల్లు లేచింది. ఈసారి పెళ్లాం అందులో గుడ్లు పెట్టింది. గసగసాలంతేసి గుడ్లు, నలభై పైనే ఉన్నాయి. సిగ్గరి కంటిమీద కునుకు లేకుండా కాపలా కాశాడు. మర్నాడు పొద్దున్నే వరహాలమ్మ పళ్లు తోముకుంటూ వచ్చింది. కన్ను, చెయ్యి, గరిటె, కుడితితొట్టి. గేదె వచ్చి తొట్టి మొత్తం తాగేసింది.

సిగ్గరి పెట్టె అడుగుకి దిగిపోయి, మూలకి తిరిగి కూర్చున్నాడు. పెళ్లాం రెండురోజులు వాడితో మాట్లాడలేదు. మూడోరోజు వచ్చి ఒకే మాట అంది.

"నా దగ్గర ఇంకోసారికే గుడ్లున్నాయి. ఇవే ఆఖరివి. ఆ పైన నీ ఇష్టం."

ఈ మాట విని జగడాలు ముందుకొచ్చాడు. "దీనికింత ఏడుపెందుకు? నేను చెబుతానుండు. నాకు భయమా?" అని ఛాతీ విరుచుకుని పైకెళ్లాడు. వరహాలమ్మ వంగి చూసింది. వాడు నోరు తెరిచి, "అత్తా, ఇంకాస్త తవుడు" అన్నాడు. తవుడు పడగానే చెప్పాల్సిన మాట మరిచిపోయాడు.

సిగ్గరి మూడోసారి ఇల్లు లేపాడు. ఆఖరి గుడ్లు అందులో చేరాయి. "ఈసారి తప్పకుండా చెబుతాను. ఆవిడ ఇలా రాగానే చెప్పేస్తాను" అని తనకి తానే వందసార్లు చెప్పుకున్నాడు. ఒక రోజు గడిచింది. గుడ్లలో చుక్కల్లా నల్లటి కళ్లు కనబడ్డాయి.

ఆరోజు ఊళ్లో పిల్లలు వానకోసం కప్పతల్లి ఆడుతున్నారు. రోకలికి కప్పని కట్టి, ఇంటింటికీ తిప్పి, నీళ్లు పోయించుకుంటున్నారు. వాళ్లకి పంచడానికి నూకరత్నం లడ్డూలు కడతానంది. పాకానికి కావలసిన బెల్లం అక్క దగ్గరే ఉంది. చాలా రోజులకి వరహాలమ్మ పొయ్యి మీద పాకం పెట్టింది. కొంచెం తెట్టు తేలింది, తీసింది. ఇంకొంచెం తేలితే బాగుణ్ణనుకుంది. తేలలేదు. పాకం కారుతున్న గరిటెతోనే, పిల్లలు వచ్చారేమోనని వీధిలోకి బయలుదేరింది. దారిలో అద్దాలపెట్టె ఉంది.

అందులో తెల్లగా, గుమ్మటంగా, నడిమధ్యన, తెట్టు!

ఆ గరిటె రావటం ముందు చూసింది బుడ్డోడు. ఆకుచాటునుంచి ఒక్క ఉదుటున బయటికొచ్చి, వడ్లగింజంత ఒంట్లో ఉన్న బలమంతా కూడగట్టి, "అత్తా! వద్దూ!" అని అరిచాడు. ఎంత గట్టిగా అరిచాడంటే గొంతు అక్కడికక్కడే చీలిపోయింది. "క్ర్ర్! క్ర్ర్! క్ర్ర్!" మని మాత్రం వినబడింది. వరహాలమ్మ ఏదో కీచురాయి అనుకుంది.

గరిటె మునిగింది, లేచింది. నురగ ఇల్లు గరిటెలో ఉంది. చిల్లుల్లోంచి నీళ్లు కారుతున్నాయి. నీళ్లతోపాటు గుడ్లు కూడా ఒకటొకటిగా జారుతున్నాయి.

సిగ్గరి ఇక ఆలోచించలేదు. తోక ఒక్కటి కొట్టి, నీళ్లలోంచి ఎగిరి, సరాసరి గరిటెలో పడ్డాడు.

పడ్డవాడు ముందు చేసిన పని, పొట్టకింది రెండు రెక్కలతో చిల్లులు మూయటం. పిల్లలు జారిపోతున్నారు మరి! జారే నీళ్లు ఆ రెక్కల్ని చిల్లుల్లోకి లాగేశాయి. సాగాయి, ఇంకా సాగాయి, చివరికి రెండు సన్నటి దారాలై గరిటె కింద వేలాడాయి. గరిటె అంచున పేరుకున్న గోరువెచ్చటి పాకం వాడి ఒంటినిండా జారి, తలనుంచి తోకదాకా తేనెరంగు పట్టేసింది. సిగ్గరి అదేదీ పట్టించుకోలేదు. వరహాలమ్మ మొహం వాడి మొహానికి జానెడు దూరంలో ఉంది. నోరు తెరిచాడు.

మాట రాలేదు. ఈసారి మొహమాటం వల్ల కాదు, నీళ్లు లేక. చేపకి మాట రావాలన్నా ఊపిరి కావాలిగా! అందుకని ఉన్నదాన్నే మింగాడు. ఒక గుక్కెడు గాలి. ఆ గాలి వెళ్లి తలలో, దవడల వెనక ఎక్కడో ఓ చిన్న గదిలో కూర్చుంది. వెంటనే మాట పెళ్లుమంది.

"అది తెట్టు కాదు! నా పిల్లలు!"

వరహాలమ్మ కొయ్యబారిపోయింది. ముప్పై ఏళ్లుగా తెట్టు తీస్తోంది గాని, తెట్టు మాట్లాడటం ఇదే మొదలు.

ఒకసారి నోరు తెరుచుకున్నాక సిగ్గరికి ఆగటం చేతకాలేదు. "మొన్నటిది కూడా తెట్టు కాదు! అంతకుముందుది నా ఇల్లు! నీ తవుడు మూడుసార్లూ తిన్నది ఆ జగడాలుగాడు! నేను పదిరోజులబట్టీ పస్తున్నాను! నీ ముక్కుమీద పళ్లపొడి ఉంది, అది కూడా నాలుగురోజులుగా చెబుదామనుకుంటున్నాను!"

కింద పెట్టెలో ఒకటే హడావిడి. జారిపడ్డ గుడ్లు నీళ్లలో తేలుతూ మూలలకి పోతున్నాయి. అవి చూసేసరికి జగడాలుకి అద్దంలో శత్రువు గుర్తుకురాలేదు. పెట్టె చట్రానికి ఒళ్లు రాసుకుంటూ, ఈ మూలనుంచి ఆ మూలకి దూసుకుపోతూ, ఒక్కొక్క గుడ్డునీ నోటితో అందుకుని దాచాడు. నూకరత్నం వేసిన ఎర్రలక్క, నీలిమందు వాడి పక్కల మీద చారలు చారలుగా దిగిపోయాయి. నోరు నిండా గుడ్లుండటం వల్ల వాడు పుట్టినప్పటినుంచీ మొదటిసారి మాట్లాడకుండా ఉన్నాడు. పైనుంచి గరిటెకి అంటుకున్న బెల్లంపలుకులు రాలి బుడ్డోడి మీద పడ్డాయి. వాడు "క్ర్ర్ క్ర్ర్" మంటూనే మిలమిలా మెరిసిపోయాడు. ఆడవాళ్లు ముగ్గురూ అడుగున పడ్డ గుడ్లు ఏరుతున్నారు. అక్కడికి ఏ రంగూ దిగలేదు.

వరహాలమ్మ గరిటెని కళ్ల దగ్గరికి తెచ్చుకుంది. నురగలో గసగసాలంతేసి గుడ్లు. ఒక్కొక్క గుడ్డులోనూ రెండు నల్లటి కళ్లు. అవన్నీ ఆవిడనే చూస్తున్నాయి.

అప్పుడు ఆవిడకి కుడితితొట్టి గుర్తుకొచ్చింది. ఉన్నచోటే కూలబడింది. గరిటెని మాత్రం ఒలకనివ్వలేదు.

"పిల్లల్తో సహా ఒగ్గుతానని మాటిచ్చాను. నా సేత్తో నానే పారబోసాను. ఓలమ్మో, నా సెయ్యి పడిపోనూ!" అని వలవలా ఏడ్చింది.

సిగ్గరికి జాలేసింది. అయినా గరిటెలోంచే అన్నాడు. "ఏడుపు తరవాత చూసుకుందాం అత్తా. ముందు గరిటె దించు. గాలి బాగానే ఉంది గాని, నాకు నీళ్లు కూడా కావాలి."

వరహాలమ్మ గరిటెని నెమ్మదిగా, అలికిడి లేకుండా నీళ్లలోకి దించింది. జగడాలు వచ్చి నోట్లో దాచిన గుడ్లన్నీ సిగ్గరి ముందు ఉమ్మేశాడు. ఒక్కటి కూడా తగ్గలేదు.

అంతలో లడ్డూల పళ్లెంతో నూకరత్నం వచ్చింది. పెట్టెలోకి చూసి కెవ్వుమంది.

"అప్పా! ఈళ్లెవులు? మన సేపల్ని మార్సేసావేటి?"

నిజంగానే మార్చేసినట్టుంది. తేనెరంగువాడు సిగ్గరి. ఎర్రచారలు, నీలంచారలవాడు జగడాలు. మిలమిలమంటూ క్ర్ర్ క్ర్ర్ మనేవాడు బుడ్డోడు. వరహాలమ్మ కళ్లు తుడుచుకుని, ఒక్కొక్కరినీ వేలెత్తి చూపించింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆవిడ గౌరాములని తడుముకోకుండా గుర్తుపట్టింది. జగడాలు అలవాటుకొద్దీ ఒక చుట్టు చుట్టి వచ్చి, "నేను ఇంకోణ్ణత్తా" అన్నాడు. ఆవిడ పకపకా నవ్వేసింది. "ఎల్లెల్లరా సారలోడా!" అంది. వాడు తన ఒళ్లు తను చూసుకుని నిట్టూర్చాడు.

గుర్తుపట్టటం కుదిరింది గాని, తన చేతిని మాత్రం వరహాలమ్మ నమ్మలేదు. గరిటె తీసి చెల్లెలికిచ్చేసింది. "దీన్ని దాసెయ్యి. నాను కాళ్లట్టుకున్నా ఇవ్వకు" అంది. అంతటితో ఆగలేదు. అంతరతామర మొక్కలు తెచ్చి పెట్టెలో ఒక మూలన తేలేసింది. ఆకుల మాటున నురగ ఉంటే తన కంటికి ఆనదు. పైన తాటాకు మూత పెట్టింది. మూతకీ నీళ్లకీ మధ్య బెత్తెడు ఖాళీ ఉంచింది, వాళ్లకి వెచ్చటి గాలి అందాలని. జగడాలు వైపు అద్దం వెనక ఇన్నాళ్లూ నల్లగోనె వేలాడబట్టే వాడి నీడ వాడికి కనబడేది, దాన్ని తీసేసి తెల్లగుడ్డ కట్టింది. అద్దంలో నీడ కనబడటం మానేసింది. "చూశారా, ఓడిపోయి పారిపోయాడు!" అని వాడు ఒక రోజంతా ఊరేగి, మర్నాడు బుద్ధిగా పెళ్లాం దగ్గరికి వెళ్లాడు.

సిగ్గరి ఇప్పుడు తోకతో చిలకటం మానేశాడు. నీటిపైకి వెళ్తాడు, ఒక గుక్క గాలి మింగుతాడు, కిందికొచ్చి ఆ గాలిని తన ఉమ్మితో చుట్టి ఒక బుడగ వదులుతాడు. అది వెళ్లి ఆకుకింద అతుక్కుంటుంది. మళ్లీ గుక్క, మళ్లీ బుడగ. ఆ ఇల్లు ఊరికే చెదిరేది కాదు. గుడ్లన్నీ ఒక్కొక్కటిగా నోటితో పెట్టి, దారాల చేతులతో తడిమి తడిమి చూసుకున్నాడు.

మర్నాడు ఆ నురగలో ఏవో నలకలు కదిలాయి. వరహాలమ్మ అద్దానికి ముక్కు ఆనించి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. నలభైదాకా వచ్చి తప్పింది. మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ తప్పింది. ఆ లెక్క ఇంకా తేలకుండానే ఇంటికప్పు మీద టపటపమని చప్పుడైంది.

వాన! కప్పతల్లి పిల్లలు వీధిలో గంతులేశారు. నూకరత్నం పళ్లెంలో లడ్డూలు తడిసి ముద్దయినా ఊరుకుంది. పదిరోజులు ఆగకుండా కురిసింది. పిల్లకాలవ నిండి, గట్టు తన్నుకుని పారింది.

పిల్లలకి ఈదటం వచ్చాక, వరహాలమ్మ అందరినీ పెనంలో ఎత్తుకుని కాలవకి తీసుకెళ్లింది. పెనాన్ని నీళ్లలోకి వంచింది. జగడాలు చారలు చూపించుకుంటూ పోయాడు. బుడ్డోడు కనబడలేదు గాని క్ర్ర్ మని వినబడింది. సిగ్గరి మాత్రం పిల్లలందరూ దిగేదాకా పెనం అంచున ఆగాడు. ఆ తరవాత రెండు దారాలూ చాచి, వరహాలమ్మ చేతివేళ్లన్నీ ఒకటొకటిగా తడిమాడు.

"ఏటిరా?" అంది ఆవిడ.

"ఏమీ లేదత్తా" అని సిగ్గుపడి, పిల్లల వెనక వెళ్లిపోయాడు.

ఆపై ఏడాది చెరకు విరగబండింది. పెనం కింద మంట రాజుకుంది. మొదటి తెట్టు తేలింది. నూకరత్నం దాచిన గరిటె తెచ్చి అక్క చేతికిచ్చింది. కన్ను చూసింది, చెయ్యి వెళ్లింది, గరిటె తిరిగింది. కుడితితొట్టి మీద మాత్రం గరిటె ఆగిపోయింది. వరహాలమ్మ దాన్ని కళ్ల దగ్గరికి తెచ్చుకుని, "లోపల ఎవులైనా ఉన్నారేటి?" అని అడిగింది. పనివాళ్లందరూ నవ్వారు. ఆవిడ జవాబు కోసం కాసేపు ఆగి, అప్పుడు పారబోసింది. బతికినన్నాళ్లూ అలాగే చేసింది.

అప్పటినుంచే గౌరాముల్లో తేనెరంగువి వేరు, చారలవి వేరు, మెరుస్తూ క్ర్రుమనేవి వేరు. ఆడవాటికి మాత్రం ఆ పాత నెమ్మది రంగే ఉండిపోయింది. అప్పటినుంచే గౌరామి నీళ్లలో ఉంటూనే మాటిమాటికీ పైకొచ్చి ఒక గుక్క గాలి తాగి పోతుంది. అప్పటినుంచే తండ్రి గౌరామి ఆకుచాటున, ఒక మూల చూసుకుని నురగిల్లు కట్టి, దాని కింద కాపలా కాస్తుంది. మీ ఇంట్లో అద్దాలతొట్టి ఉంటే ఒకసారి దాని దగ్గరికెళ్లి, నెమ్మదిగా నీళ్లమీద వేలు పెట్టి చూడండి. గౌరామి వస్తుంది. పొట్టకింది రెండు దారాలూ చాచి, మీ వేలిని ఆ పక్కా ఈ పక్కా జాగ్రత్తగా తడుముతుంది. ఆ చేతిలో జల్లిగరిటె లేదని తేలాకే వెనక్కి వెళ్తుంది.